గుండె మాట వినే యంత్రం

మన తెలుగులో గుండె పేరు రాని సంభాషణ అరుదు. ధైర్యం ఉన్నవాణ్ణి గుండె గలవాడంటాం. భయపడితే గుండె జారిందంటాం. దుఃఖం పొంగితే గుండె చెరువైందంటాం. జాలి లేనివాడిది బండగుండె. ఇన్ని మాటలు చెప్పే మనం, ఆ గుండె రోజుకు ఎన్నిసార్లు కొట్టుకుంటుందో, దాన్ని కొట్టించేది ఏమిటో మాత్రం ఆలోచించం. నిమిషానికి 72 సార్లనుకుంటే రోజుకు లక్షకు పైచిలుకు! నిద్రలోనూ, పరీక్ష హాల్లోనూ, సినిమా హాల్లోనూ జీతం అడగకుండా పని చేసే పాలేరు అది. అది ఒక్క పూట నాగా పెట్టినప్పుడే దాని విలువ మనకు తెలిసి వస్తుంది.

ఈ సావనీరులో కవితలు రాసే మిత్రులున్నారు, కథలు రాసే మిత్రులున్నారు. నాకా శక్తి లేదు. నేను సైన్సు విద్యార్థిని, రైతు బిడ్డను. నాకు తెలిసిన రెండు విషయాలు ఒకచోట కలిసిన సంగతి ఒకటుంది. అది మా తాత గుండె. దాని గురించి రాస్తాను. పాఠక మిత్రులు ఓపికతో చదవాలి.

మాది ఉదయగిరి వైపు మెట్ట పల్లె. కంది, మినుము, పొగాకు, వాన పడితే సజ్జ. అమ్మ పుట్టిల్లు ఆత్మకూరు దగ్గర, సోమశిల కాలవ కింద మాగాణి. అందుకని చిన్నప్పటి నుంచీ నాకు రెండు రకాల సేద్యమూ తెలుసు. మా తాతకు డెబ్బై రెండేళ్ళు. రెండేళ్ళ కిందట కంది చేలో రెండుసార్లు కళ్ళు తిరిగి కూలబడ్డాడు. ఇంట్లో అందరూ ఎండదెబ్బ అన్నారు. అవ్వ మజ్జిగ పోసింది. ఊరి ఆర్‌.ఎం.పి. డాక్టరు వచ్చి నాడి పట్టుకొని, వాచీ చూసి, మళ్ళీ పట్టుకొని, "నిమిషానికి 36 కొడతుండాది. ఇది ఎండదెబ్బ కాదు. ఆత్మకూరుకు తీసుకపోండి" అన్నాడు. ఆత్మకూరులో ఇ.సి.జి. తీసి నెల్లూరు పంపించారు. ఆనాడు ఆ వాచీ చూసి లెక్క పెట్టిన మనిషికి మా ఇల్లు ఎంతైనా రుణపడి ఉంది.

ఇంతకూ తాత గుండెకు వచ్చిన జబ్బేమిటి? గుండె పైభాగంలో కుడి గదిలో చిన్న కణాల ముద్ద ఒకటుంది. 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అనే ఇద్దరు దాన్ని గుర్తించారు. అక్కడ పుట్టిన విద్యుత్ ప్రేరణ పై గదుల గుండా వచ్చి, నడుమనున్న మరొక ముడి దగ్గర రవ్వంత ఆగి, కింది గదులకు పోతుంది. ఆ నడుమ ముడిని అంతకు ముందు ఏడు, 1906లో, సునావో తవారా అనే జపాను శాస్త్రజ్ఞుడు వర్ణించాడు. పై నుంచి కరెంటు పుడుతూనే ఉన్నా నడుమ తీగ తెగితే కింది గదులకు అందదు. అప్పుడు కింది గదులు చేతనైనంతలో తమంత తామే కొట్టుకుంటాయి. కానీ నిమిషానికి 30, 40 సార్లే. మెదడుకు నెత్తురు చాలదు. మనిషి కూలబడతాడు. దీన్నే హార్ట్ బ్లాక్ అంటారు.

ఇక్కడ ఒక తేడా చెప్పకపోతే పొరపాటు అభిప్రాయం కలుగుతుంది. 2022 ఫిబ్రవరి 21న మా ప్రాంతమంతా నిర్ఘాంతపోయిన వార్త ఒకటి వచ్చింది. ఆత్మకూరు శాసనసభ్యుడు, రాష్ట్ర పరిశ్రమలు, ఐ.టి. శాఖల మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి గారు హైదరాబాదులో హఠాత్తుగా గుండె ఆగి మరణించారు. ఆయనకు 50 ఏళ్ళు. ఎల్లుండికి, 23వ తేదీన, ఉదయగిరిలో ఇంజనీరింగు కళాశాల ఆవరణలో అంత్యక్రియలు జరిగాయి. నేనప్పుడు ఇంటరు చదువుతున్నాను. మా పల్లెల నుంచి జనం ట్రాక్టర్ల మీద పోయారు. పోయినవాళ్ళు తిరిగొచ్చి అనుకున్న మాట ఒక్కటే: "అంత పెద్ద ఊళ్ళో, అంత పెద్ద ఆసుపత్రి పక్కన ఉన్న మనిషికే ఇట్టయితే, మన గతేంది?" పార్టీలతో పని లేకుండా అందరి నోటా వచ్చిన ప్రశ్న అది. తాత జబ్బు పడినప్పుడు మా నాయన కూడా మొదట అదే తలచుకొని గడగడలాడాడు.

అయితే జబ్బులన్నీ ఒకటి కావు. గుండెపోటు అంటే గుండె కండకు నెత్తురు తెచ్చే నాళం మూసుకుపోవడం. కాలవ పూడిపోయినట్టు. హార్ట్ బ్లాక్ అంటే కరెంటు తీగ తెగడం. మూడవది, గుండె కండలోని పోగులన్నీ ఒక లయ లేకుండా ఎటుబడితే అటు వణకడం. కాడి కింద ఎద్దులు తలా ఒక దిక్కుకు లాగితే నాగలి కదలనట్టు, అప్పుడు గుండె కదులుతున్నట్టే ఉంటుంది, నెత్తురు మాత్రం కదలదు. హఠాత్తుగా గుండె ఆగే సందర్భాల్లో తరచుగా జరిగేది ఇదే. దీనికి గట్టి విద్యుత్ దెబ్బ కావాలి. ఆ దెబ్బ కొట్టే పరికరాన్ని ఒంట్లోనే అమర్చడం 1980లో మిషెల్ మిరోవ్‌స్కీ అనే వైద్యుడి కృషితో అమెరికాలో మొదలైంది. పేస్‌మేకర్ ప్రధానంగా తెగిన తీగకు మందు. పూడిన కాలవను అది తియ్యలేదు. "గుండె జబ్బు, పేస్‌మేకర్ వేస్తే సరి" అని మనవాళ్ళు అనుకోవడం తప్పు.

పేస్‌మేకర్ చరిత్ర చదివినప్పుడు నాకు మా ఊరి కరెంటు కోతలు గుర్తొచ్చాయి. 1950 దశకంలో ఆ యంత్రం గోడకున్న ప్లగ్గుతో నడిచేది. రోగి తీగ పొడుగున్నంత మేరకే నడవాలి. 1957 అక్టోబరు 31న అమెరికాలో మినియాపోలిస్ ప్రాంతంలో కరెంటు పోయింది. గుండె ఆపరేషన్లయిన పసిపిల్లలు ఈ ప్లగ్గు యంత్రాల మీద బతుకుతున్న రోజులు. డాక్టర్ లిల్లేహై అనే సర్జన్, ఆసుపత్రి పరికరాలు మరమ్మతు చేసే ఎర్ల్ బాకెన్‌ను పిలిచి బ్యాటరీతో నడిచేది చెయ్యమన్నాడు. సంగీతం నేర్చుకునేవారి కోసం టిక్కుటిక్కుమని తాళం వేసే మెట్రోనోమ్ అనే పరికరం ఉంటుంది. దాని సర్క్యూటు ఒక ఎలక్ట్రానిక్స్ పత్రికలో అచ్చయింది. బాకెన్ దాన్ని కాస్త మార్చి, నాలుగు వారాల్లో, ఒంటికి తగిలించుకొని తిరగగల చిన్న పెట్టె చేశాడు. తాళం వేసే సర్క్యూటు పసిబిడ్డల గుండెకు తాళమైంది.

మరుసటి ఏడు, 1958 అక్టోబరు 8న, స్వీడన్ దేశంలో ఆర్నె లార్సన్ అనే రోగికి మొట్టమొదటిసారి ఒంటి లోపల పేస్‌మేకర్ అమర్చారు. చేసినవాడు ఇంజనీరు రూనె ఎల్మ్‌క్విస్ట్, అమర్చినవాడు సర్జన్ ఓకె సెన్నింగ్. బూటుపాలిష్ డబ్బాను అచ్చుగా పెట్టి దాన్ని పోతపోశారట! ఆ మొదటి యంత్రం కొన్ని గంటలే పనిచేసింది. అయినా లార్సన్ 2001 దాకా బతికాడు. 86 ఏళ్ళు. ఆ జీవితకాలంలో 26 పేస్‌మేకర్లు మార్చుకున్నాడు. సైన్సు పుస్తకాల్లో శాస్త్రజ్ఞుల బొమ్మలు వేస్తారు గాని, ఇటువంటి రోగుల బొమ్మలు కూడా వెయ్యాలని నాకనిపిస్తుంది.

తాతకు నెల్లూరులో మొదట తాత్కాలిక పేస్‌మేకర్ పెట్టారు. సిరలో నుంచి తీగ ఒకటి గుండెలోకి పంపి, యంత్రాన్ని బయట మంచం పక్కన పెట్టారు. మూడు రోజులు తాతను కదలవద్దన్నారు. పొద్దున లేస్తే చేలో ఉండే మనిషికి అది జైలే. నాలుగో రోజు ఎడమ భుజం కింద అసలు పేస్‌మేకర్ అమర్చారు. ఖర్చు ఆరోగ్యశ్రీ కింద వచ్చింది. ఇప్పుడా పథకానికి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు. అది లేకపోతే మాకు ఒక ఎకరా పోయేది.

ఇంటికి వచ్చాక తాత నన్ను పిలిచి, "ఏరా అబ్బయా, నువ్వు కరెంటు చదువు చదువుతుండావు గదా, ఇది లోపల ఏం చేస్తుండాదో చెప్పు" అన్నాడు. నేను బోరు మోటారుతో పోల్చి చెప్పాను. మా బావి దగ్గర ఆటో స్టార్టరుంది. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. మడి తడిసిందా, ఎండిందా దానికి పట్టదు. తొలినాటి పేస్‌మేకర్లు అటువంటివి. గుండె తనంత తాను కొట్టుకుంటున్నా, మానినా, గడియారంలా కొడుతూనే పోయేవి. తరువాత వచ్చినవి ముందు వింటాయి. గుండె సొంతంగా కొట్టుకుంటే ఊరుకుంటాయి, కొట్టుకోకపోతేనే కొడతాయి. "అంటే అడిగినప్పుడే మాట్లాడే కోడలన్నమాట" అన్నాడు తాత. అవ్వ లోపలి నుంచి ఏదో అనబోయి నవ్వేసింది.

అయితే ఇంకో చిక్కుంది. మనం పరుగెత్తితే గుండె వేగం పెరగాలి, పడుకుంటే తగ్గాలి. గడియారానికి ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది? అందుకని 1980 దశకంలో పేస్‌మేకర్లో ఒక చిన్న స్ఫటికం పెట్టారు. ఒళ్ళు కదిలితే ఆ స్ఫటికం మీద ఒత్తిడి పడి కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. మనం ఫిజిక్సులో చదువుకునే పీజో విద్యుత్ ప్రభావం అదే. కదలిక ఎక్కువైతే మనిషి పని చేస్తున్నాడని యంత్రం అనుకుంటుంది, గుండె వేగం పెంచుతుంది. తెలివైన ఉపాయమే. కాని కదలిక వేరు, కష్టం వేరు. మా ఉదయగిరి దుర్గం కొండ ఎక్కడం కష్టమా, దిగడం కష్టమా? ఎక్కడమే అని పసిపిల్లవాడైనా చెబుతాడు. కాని దిగేటప్పుడు అడుగు అడుగుకూ ఒళ్ళు ఎక్కువ అదురుతుంది. కనుక ఇటువంటి పేస్‌మేకర్ దిగేటప్పుడే ఎక్కువ వేగం ఇచ్చే అవకాశముంది! నెత్తిన గడ్డిమోపు పెట్టుకొని గట్టు మీద నిదానంగా నడిచే మనిషి ఒళ్ళు అదరదు. అతని కష్టం యంత్రానికి తెలియదు.

ఇది పుస్తకం మాట కాదు. తాత మొదటిసారి పరీక్షకు నెల్లూరు పోయినప్పుడు బస్సులో వెనక సీటు దొరికింది. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు 100 కిలోమీటర్లు. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా తాత గుండె దడదడమంది. "కూర్చోనుంటే గూడా చేలో పరిగెత్తినట్టుండాది" అని ఆయాసపడ్డాడు. మా నాయన భయపడి ఆత్మకూరులో దిగిపోదామన్నాడు. ఆసుపత్రిలో డాక్టరు గారు భుజం మీద ఒక పరికరం ఆనించి, పక్కనున్న కంప్యూటరులో తాత గుండె ఆరు నెలల చరిత్ర చూశారు. "పెద్దాయనా, నీ యంత్రం బస్సును చూసి నువ్వు పని చేస్తున్నావనుకుంది" అని నవ్వి, కోత లేకుండా, సూది లేకుండా, దాని సున్నితత్వం తగ్గించారు. అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాల కోసం రానుపోను 200 కిలోమీటర్లు, ఇద్దరి కూలి, ఒక రోజు. తిరిగొచ్చాక చేలో పని చేస్తుంటే తాతకు ఆయాసం! వేగం ఇప్పుడు చాలడం లేదు. మళ్ళీ నెల్లూరు. మూడోసారికి గాని తూకం కుదరలేదు.

ఈ మూడు ప్రయాణాలే నన్ను ఆలోచింపజేశాయి. ఆ ఆసుపత్రి గదిలో అయిదు నిమిషాలు కూర్చున్న తాత వేరు, చేలో పది గంటలుండే తాత వేరు. గుండె మాట వినవలసింది చేలో గదా! ఒంటి మీద ధరించే సెన్సర్లు, కృత్రిమ మేధ అని పత్రికల్లో చదువుతున్న రెండూ ఇక్కడ ఉపయోగపడతాయా అని వెతకడం మొదలుపెట్టాను.

అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో జాన్ రోజర్స్, ఇగోర్ ఎఫిమోవ్ బృందాలు తాత్కాలిక పేస్‌మేకర్ల మీద పనిచేస్తున్నాయి. మొదటి ప్రశ్న తీగల గురించి. చంద్రుని మీద మొదట కాలు పెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 2012లో బైపాస్ ఆపరేషన్ జరిగింది. తాత్కాలికంగా గుండెకు పెట్టిన తీగలు తీసేటప్పుడు లోపల రక్తస్రావమై, చివరకు ఆగస్టు 25న మరణించాడు. చంద్రుడి దాకా పోయివచ్చిన మనిషి! అందువల్ల పని కాగానే ఒంట్లోనే కరిగిపోయే పేస్‌మేకర్‌ను ఆ బృందాలు 2021లో చేసి చూపించాయి. 2022లో మరొక అడుగు వేశాయి. కరిగే పేస్‌మేకర్ గుండె మీద ఉంటుంది. చర్మం మీద మెత్తని అట్టలు అక్కడక్కడ అంటించి ఉంటాయి. ఒకటి గుండె విద్యుత్తును, మరొకటి శ్వాసను, ఇంకొకటి ఒంటి వేడిని గమనిస్తుంది. అన్నీ తీగ లేకుండా ఒకదానితో ఒకటి మాట్లాడుకొని, గుండెకు ఎప్పుడు తోడు కావాలో నిర్ణయిస్తాయి. పంచాయతీ పెద్దలు నలుగురూ కూర్చొని తీర్పు చెప్పినట్టు. ఒక్క స్ఫటికం చెప్పిన మాట నమ్మి తాత గుండెను పరిగెత్తించిన యంత్రానికీ, దీనికీ తేడా అదే.

2025 ఏప్రిల్‌లో ఆ బృందాలే మరింత చిన్నదాన్ని ప్రకటించాయి. పొడుగు 3.5 మిల్లీమీటర్లు, వెడల్పు 1.8, మందం 1. బియ్యపు గింజ కంటే చిన్నదని పత్రికలు రాశాయి. మన నెల్లూరు వాళ్ళం బియ్యం తెలిసినవాళ్ళం. మనం నూకంత అంటే సరిపోతుంది. సిరంజి సూదిలో ఇమిడిపోతుంది. దానికి వేరే బ్యాటరీ లేదు. రెండు లోహపు ముక్కలు, నడుమ మన ఒంటి ద్రవాలు. అదే చిన్న విద్యుత్ ఘటం. ఛాతీ మీద అంటించిన మెత్తని అట్ట గుండె లయ తప్పడం కనిపెట్టి, కంటికి కనిపించని పరారుణ కాంతిని చర్మం గుండా మినుకుమినుకుమని పంపుతుంది. ఆ మినుకుకు లోపలి నూక మేలుకొని గుండెను తడుతుంది. పుట్టుకతోనే గుండె లోపంతో పుట్టే పిల్లలు నూటికి ఒకరుంటారు. ఆపరేషన్ తరువాత కొద్ది రోజులు తోడు కావలసిన అటువంటి పసివాళ్ళ కోసమే ముఖ్యంగా దీన్ని తలపెట్టామని వాళ్ళు చెప్పారు. ఆ ప్రకటన నాటికి దీన్ని జంతువుల్లోనూ, దాతలిచ్చిన మానవ హృదయాల్లోనూ పరీక్షించారు. మా తాత వంటి శాశ్వత రోగులకు ఇది కాదు. కాని బయట వినే చెవి, లోపల తట్టే చెయ్యి వేరు వేరుగా ఉండి కలిసి పనిచేయవచ్చని ఇది రుజువు చేసింది.

ఇక కృత్రిమ మేధ. ఈ మాట వినగానే కొందరికి మోజు, కొందరికి భయం. నా మట్టుకు నేను మా నాయనను చూసి అర్థం చేసుకున్నాను. నాయన ఏ పుస్తకమూ చదవలేదు. పొద్దున చేలోకి పోయి ఆకు వాలిన తీరు చూస్తాడు, పిడికెడు మట్టి తీసి నలుపుతాడు, గాలి చూస్తాడు, "ఇయ్యాళ నీళ్ళు వద్దు, ఎల్లుండి పెడదాం" అంటాడు. ముప్పై ఏళ్ళు ఆ చేనును చూసి చూసి నేర్చుకున్న లెక్క అది. ఆటో స్టార్టరుకు సూత్రం ఒకటి చెబుతాం. నాయనకు ఎవరూ సూత్రం చెప్పలేదు, ఉదాహరణల నుంచి తీసుకున్నాడు. కృత్రిమ మేధ కూడా అంతే. లక్షల ఇ.సి.జి. పట్టీలు చూపించి, ఇది ఫలానా, అది ఫలానా అని చెబుతూ పోతే, మనం చెప్పని గుర్తులు కూడా పట్టుకుంటుంది. గుండె లయ మామూలుగా ఉన్నప్పుడు తీసిన ఇ.సి.జి. చూసి, అంతకు ముందో తరువాతో లయ తప్పే మనిషిని గుర్తుపట్టవచ్చని 2019లో అమెరికాలో మేయో క్లినిక్ వారు ప్రకటించారు. అదే ఏడు, చేతి గడియారంలోని సెన్సరుతో నాలుగు లక్షల మందికి పైగా నాడిని గమనించిన పరిశోధన ఒకటి వెలువడింది. అందులో లయ తప్పిందన్న హెచ్చరిక అందినవారు 0.52 శాతం.

ఈ రెండూ కలిస్తే, అంటే ఒంటి మీద వినే సెన్సర్లు, విన్నదాన్ని ఆ మనిషికి తగినట్టు అర్థం చేసుకునే బుద్ధి, పేస్‌మేకర్‌కు దారి చూపితే, అప్పుడు యంత్రం తాత దినచర్య నేర్చుకుంటుంది. తెల్లారి నాలుగింటికి లేస్తాడు, గొడ్లకు మేత వేస్తాడు, నెలకొకసారి బస్సెక్కుతాడు. ఒళ్ళు అదురుతోంది గాని ఊపిరి పెరగలేదు, కనుక ఇది బస్సు. ఊపిరి పెరిగింది, ఒళ్ళు వేడెక్కింది, అదురు లేదు, కనుక ఇది గడ్డిమోపు. ఇంతే కావలసింది! మూడు నెల్లూరు ప్రయాణాల్లో కుదిరిన తూకం చేలోనే కుదురుతుంది.

కాని రైతు బిడ్డను కాబట్టి కొత్త విత్తనం రాగానే పొలమంతా చల్లను. ఒక సెంటులో వేసి చూస్తాను. నాకు మూడు సందేహాలున్నాయి.

మొదటిది, ఈ యంత్రం ఎవరిని చూసి నేర్చుకుంటుంది? కోవిడ్ రోజుల్లో అందరి వేలికీ తగిలించిన ఆక్సిజన్ మీటరు గుర్తుందా? అది కాంతితో కొలుస్తుంది. 2020లో అమెరికాలో వెలువడిన పరిశోధన ప్రకారం, రక్తంలో ఆక్సిజన్ తగ్గినా మీటరు తగ్గలేదని చూపించిన సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం, నల్లవారిలో 11.7 శాతం. చర్మం రంగు మీద పరికరం తడబడింది. రోహిణీ కార్తె ఎండలో అరవయ్యేళ్ళు మాడిన మా తాత చర్మం మీద ఈ అట్ట ఎట్లా చదువుతుంది? చెమటకు ఊడకుండా ఉంటుందా? ఏసీ గదుల్లో కూర్చునేవాళ్ళ గుండెలు చూసి నేర్చుకున్న బుద్ధి, 44 డిగ్రీల్లో కంది కట్టె కోసే మనిషి గుండె వేగాన్ని జబ్బనుకోదా? మన ఒళ్ళు, మన ఎండ, మన పని చూపించి నేర్పితే తప్ప అది మనది కాదు.

రెండవది, యంత్రం వింటుంది సరే, విన్నది ఎవరికి చెబుతుంది? మా పల్లెలో ఫోను సిగ్నలు కోసం మిద్దెక్కాలి. హెచ్చరిక పుట్టినా చేరకపోతే ఏం లాభం? చేరినా అవతల చూసే మనిషి లేకపోతే ఏం లాభం? కనుక ఆత్మకూరు, ఉదయగిరి వంటి చోట్ల ఆ సమాచారం చదివి, ఆ అయిదు నిమిషాల సవరణ అక్కడే చేయగల శిక్షణ పొందిన మనుషులుండాలి. నెల్లూరులోని పెద్ద డాక్టరు అక్కడి నుంచే చూసి సలహా చెప్పవచ్చు. యంత్రం డాక్టరుకు బదులు కారాదు, దూరానికి బదులు కావాలి.

మూడవది ధర. ఇక్కడ మనకు మంచి ఉదాహరణ ఉంది. 1990 దశకంలో హైదరాబాదులో హృద్రోగ నిపుణుడు డాక్టర్ సోమరాజు గారు, క్షిపణులు చేసే అబ్దుల్ కలాం గారు కలిసి, విదేశాల నుంచి ఎక్కువ ధరకు తెచ్చుకుంటున్న స్టెంటును ఇక్కడే చవకగా తయారుచేయించారు. కలాం–రాజు స్టెంట్ అని దానికి పేరు. డాక్టరు, ఇంజనీరు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఏం జరుగుతుందో ఆనాడే చూశాం. ఈ కొత్త పనికి వారిద్దరి పక్కన మూడో కుర్చీ ఒకటి వేయాలంటాను. అది రోగిది. యంత్రం బస్సుకూ చేనుకూ తేడా తెలియక తడబడిందని మొదట కనిపెట్టింది డాక్టరు కాదు, ఇంజనీరు కాదు. మా తాత.

అంతవరకు మనం చేతులు ముడుచుకొని కూర్చోవాలా? విద్యార్థి సంఘం పెద్దలకు నాదొక మనవి. వచ్చే ఏడు మన కళాశాలలో ప్రతి విద్యార్థికీ రెండు విద్యలు నేర్పించండి. ఒకటి, వాచీ చూసి నాడి లెక్కపెట్టడం. తాతను బతికించింది అదే. రెండు, ఎదురుగా మనిషి గుండె ఆగి పడిపోతే 108కి ఫోను చేయించి, రొమ్ము నడుమ రెండు చేతులు ఆనించి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతు నొక్కడం. ఒక గంటలో వచ్చే విద్య. అంబులెన్సు వచ్చేలోగా మనమే ఆ గుండెకు పేస్‌మేకర్లం. మన జిల్లా పడమటి పల్లెల్లో అంబులెన్సు రావడానికి పట్టే సమయం మీకందరికీ తెలుసు.

ఇక నా సంగతి. డిగ్రీ కాగానే సేద్యంలోకి రమ్మని నాయన అంటాడు. ఉన్న నాలుగెకరాలు చూసుకునేవాడు కావాలి గదా. వైద్య పరికరాల చదువు చదవాలని నాకుంది. ఈ మాట ఇంట్లో చెప్పడానికి భయపడుతూ మొన్న సంక్రాంతికి తాతకే ముందు చెప్పాను. ఆయన భుజం కింద ఎత్తుగా కనిపించే ఆ పెట్టె మీద చెయ్యి పెట్టుకొని కాసేపు ఆలోచించాడు. "దీన్ని చేసినోడు గూడా ఎవరో ఒక తండ్రి బిడ్డే గదా. వాళ్ళ నాయన వాణ్ణి పంపించబట్టే నేనియ్యాళ కందులు కొట్టుకుంటుండా. నాయనకు నేను చెప్తాలే. కాకపోతే ఒకటి, నువ్వు చేసేది బస్సెక్కితే అదరకుండా చూడు" అన్నాడు.

ఇంతవరకు నాయన అవునూ అనలేదు, కాదూ అనలేదు. కాని ఈ మధ్య చేలోకి పోయేటప్పుడు తాత నాడి పట్టుకొని వాచీ చూడడం నేర్చుకున్నాడు. 70 వచ్చిందో లేదో సాయంత్రం ఫోనులో నాకు చెబుతాడు. నేను దాన్ని తేదీ వేసి నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. మా ఎండలో, మా పనిలో, మా మనిషి గుండె ఎట్లా కొట్టుకుంటుందో చెప్పే లెక్క అది. రేపు నేను చేయబోయే యంత్రానికి మొదటి పాఠం దానితోనే చెబుతాను.